సమ్నర్ ఓడ కవర్లు: తపాలా ముద్ర చెప్పేది, చెప్పనిది

అందరికీ నమస్కారం. ఈ పూట ఒక్క ఓడ గురించే మాట్లాడుకుందాం. 1915 నుంచి 1946 దాకా అమెరికా నౌకాదళంలో పనిచేసిన ఓడ అది. దాదాపు పాతికేళ్లు దాని పేరు బుష్నెల్, చివరి ఆరేళ్లు సమ్నర్. మొదట సబ్‌మెరైన్లకు సరుకులు అందిస్తూ, మరమ్మతులు చేసే తల్లి ఓడగా ఉండేది. తరవాత సముద్రపు లోతులు కొలిచి పటాలు గీసే సర్వే ఓడ అయింది.

నౌకాదళ కవర్లు సేకరించేవాళ్లు ఎక్కువగా పెద్ద యుద్ధనౌకల వెంట పడతారు. సర్వే ఓడ కవరు కనబడితే పక్కన పడేస్తారు. అది పొరపాటు. మిగతా నౌకాదళం వెళ్లకముందే సర్వే ఓడ వెళుతుంది. పోస్టాఫీసు సంగతి దేవుడెరుగు, మంచి పటం కూడా లేని దీవి పక్కన వారాల తరబడి లంగరు వేసుకుని ఉంటుంది. అక్కడి నుంచి బయటికి వచ్చిన ఉత్తరం మీద ఆ ఓడ ముద్ర తప్ప ఇంకో ముద్ర ఉండే అవకాశం లేదు. అలాంటి కవరును చదవడం నేర్చుకోవాలి. అందుకు ముందుగా సమ్నర్ అన్న మనిషి గురించి తెలుసుకోవాలి.

థామస్ హబ్బర్డ్ సమ్నర్ బోస్టన్‌కు చెందిన వాణిజ్య నౌకల కెప్టెన్. 1837 నవంబరు 25న సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్ నుంచి స్కాట్లండ్‌లోని గ్రీనాక్‌కు బయల్దేరాడు. ఐర్లండ్ సమీపించేసరికి వాతావరణం బాగా చెడిపోయింది. రోజుల తరబడి సూర్యుడు కనబడలేదు. ఓడ అక్షాంశం ఎంతో నమ్మకంగా తెలియదు. డిసెంబరు 17 ఉదయం పది గంటల ప్రాంతంలో మబ్బుల సందున సూర్యుడు ఒక్కసారి దొరికాడు. ఎత్తు కొలిచాడు. రేఖాంశం కట్టాలంటే అక్షాంశం తెలిసి ఉండాలి కదా, అందుకని తనకు తోచిన అక్షాంశం ఒకటి తీసుకుని లెక్క కట్టాడు. నమ్మకం కుదరక 10 నిమిషాలు (ఇక్కడ నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) ఉత్తరానికి జరిపి మళ్లీ కట్టాడు, 20 నిమిషాలు జరిపి మూడోసారి కట్టాడు. మూడు బిందువులనూ పటం మీద పెడితే మూడూ ఒకే గీత మీద పడ్డాయి. ఆ గీతను పొడిగిస్తే వేల్స్ తీరానికి దూరంగా ఉన్న స్మాల్స్ దీపస్తంభం మీదుగా పోయింది. ఓడ ఎక్కడుందో అతనికి తెలియదు, కానీ ఆ గీత మీద ఎక్కడో ఒకచోట ఉందని తెలిసింది. ఆ గీత వెంబడే నడిపించాడు. గంట లోపే దీపస్తంభం కనబడింది. 1843లో ఈ పద్ధతిని పుస్తకంగా అచ్చువేశాడు. నావికులు ఈనాటికీ దాన్ని సమ్నర్ రేఖ అనే పిలుస్తారు.

ఒక కొలత ఒక గీతను మాత్రమే ఇస్తుంది. స్థానం తేలాలంటే రెండో గీత వచ్చి దాన్ని ఖండించాలి. కవరు కూడా అంతే. తపాలా ముద్ర ఒక గీత, ఓడ సేవా చరిత్ర ఇంకో గీత. రెండూ కలిసిన చోటే ఆ కవరు నిజంగా ఎక్కడిదో తేలుతుంది. ముద్ర ఒక్కదాన్ని పట్టుకుని ఆల్బమ్‌లో శీర్షిక రాసేవాళ్లు సగం లెక్క చేసి ఆపేసినట్టే.

ఇక ముద్రల సంగతికి వద్దాం. అమెరికా యుద్ధనౌకల్లో పోస్టాఫీసులు పెట్టడానికి 1908 మే 27న చట్టం వచ్చింది. నావికుల్లోంచే ఒకరిని తపాలా గుమాస్తాగా నియమించే వీలు కలిగింది. అదే ఏడాది ఆగస్టు 15న మొదటి ఓడ పోస్టాఫీసులు మొదలయ్యాయి. ఈ ముద్రల్లో బాగా తెలిసిన ఆకారం ఇలా ఉంటుంది. ఎడమ పక్క ఒక వలయం. దాని పైభాగంలో యు.ఎస్.ఎస్. అని, ఓడ పేరు. మధ్యలో నెల, తేదీ, పూట, సంవత్సరం. కుడి పక్క స్టాంపును రద్దు చేసే మూడు అడ్డగీతలు. గీతల మధ్య రెండు సందులుంటాయి కదా, ఆ సందుల్లో గుమాస్తా చిన్న అక్షరాలు పేర్చి ఓడ అప్పుడు ఆగిన రేవు పేరు పెట్టుకోవచ్చు. ఫ్రాన్సిస్ లోసీ చేసిన వర్గీకరణలో ఈ ఆకారాన్ని టైప్ 3 అంటారు. యుద్ధకాలంలో ఓడ పేరు తీసేసిన ముద్రలకు అంకె పక్కన జెడ్ అక్షరం చేరుస్తారు. ఓడ ముద్రల సేకర్తల సంఘం యూనివర్సల్ షిప్ క్యాన్సిలేషన్ సొసైటీ 1932లో ఏర్పడింది. సేకర్తలు ఇప్పటికీ ఈ అంకెలతోనే మాట్లాడుకుంటారు.

ఉక్కు ముద్రకు, రబ్బరు ముద్రకు తేడా కంటికి అలవాటు చేసుకోండి. ఉక్కు ముద్ర కాగితంలోకి కొంచెం దిగుతుంది, గీత సన్నగా ఉంటుంది, కవరు వెనక వేలితో తడిమితే ఒత్తు తగులుతుంది. రబ్బరు ముద్రలో గీత లావుగా ఉంటుంది, అంచుల దగ్గర ఇంకు గుమికూడి మధ్యలో పలచబడుతుంది. వాడిన కొద్దీ రబ్బరు ఉబ్బుతుంది, వలయం గుండ్రదనం పోతుంది. ఒకే ముద్ర తాలూకు రెండేళ్ల కవర్లు పక్కపక్కన పెడితే ఈ అరుగుదల క్రమం కనబడుతుంది. తేదీ చెరిగిపోయిన కవరుకు సుమారు కాలం కట్టడానికి ఇది బాగా పనికొస్తుంది.

సందుల్లో పేర్చే అక్షరాలతోనే తరచూ మోసపోతాం. తేదీ రోజూ మార్చాలి కాబట్టి గుమాస్తా అది మరిచిపోడు. రేవు పేరు మాత్రం మార్చడం మరిచిపోతాడు. ఓడ శాన్ డియాగో వదిలి నాలుగు రోజులైనా సందులో శాన్ డియాగో అలాగే ఉంటుంది. అక్షరాలు తలకిందులుగా పడతాయి, సంవత్సరం జారిపోతుంది. అందుకే తేదీని నమ్మండి, చోటును సరిచూసుకోండి. చాలామంది తిరగేసి చేస్తారు.

తేదీని కూడా గుడ్డిగా నమ్మకూడని కవర్లు ఉన్నాయి. 1930లలో నౌకాదళ కవర్ల సేకరణ పెద్ద ఉత్సాహంగా సాగింది. అధ్యక్షుడు రూజ్వెల్టే స్టాంపుల సేకర్త. దేశం నలుమూలల నుంచి జనం స్టాంపు అంటించి, తమ చిరునామా రాసి, ఎడమ పక్క బొమ్మ అచ్చువేసిన ఖాళీ కవర్లను ఓడ గుమాస్తాకు పంపేవాళ్లు. ఫలానా రోజు ముద్ర వేసి పంపమని కోరేవాళ్లు. గుమాస్తా కట్టలు కట్టి ఉంచి, తీరిక దొరికినప్పుడు ఆ రోజు తేదీ పెట్టి వేసేవాడు. అలాంటి కవర్లను గుర్తించడం కష్టమేమీ కాదు. కవరు మూసే నాలుక అంటించి ఉండదు లేదా లోపలికి మడిచి ఉంటుంది. ముద్ర మరీ చక్కగా, స్టాంపు మూలకు సరిగ్గా పడి ఉంటుంది. పంపినవాడి పేరు ఉండదు. ఇలాంటివి పనికిరావని అనడం లేదు. ముద్ర ఆకారం తెలుసుకోవడానికి వీటికి మించినవి లేవు. ఓడ ప్రయాణానికి సాక్ష్యంగా మాత్రం వీటిని వాడకండి. లోపల ఉత్తరం ఉన్న మురికి కవరు ఒక్కటి దొరికినా అందుకు అదే మేలు.

ఇప్పుడు ఓడ జీవితంలోకి వద్దాం. సియాటిల్‌లో కట్టారు. 1915 ఫిబ్రవరి 9న నీటిలోకి దించారు, అదే ఏడాది నవంబరు 24న నౌకాదళంలోకి తీసుకున్నారు. అమెరికా తొలి సబ్‌మెరైన్ టర్టిల్ నిర్మించిన డేవిడ్ బుష్నెల్ పేరు పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1918లో ఐర్లండ్ నైరుతి మూల బాంట్రీ బేలో ఎల్ తరగతి సబ్‌మెరైన్లకు తల్లి ఓడగా ఉంది. బ్రిటిష్ ఎల్ సబ్‌మెరైన్లతో తికమక రాకుండా వాటి ముందు ఏ అక్షరం చేర్చి ఏఎల్ అని రాసుకున్నారు. ఈ కాలపు కవర్లకు తపాలా రేటే మంచి ఆధారం. 1917 అక్టోబరు 3 చట్టంతో విదేశాల్లో యుద్ధసేవలో ఉన్నవాళ్ల ఉత్తరాలు ఉచితంగా పోయేవి. అందువల్ల స్టాంపు లేని కవరు కనబడితే అది ఐర్లండ్ నాటిదని అనుమానించాలి. మామూలు ఉత్తరం రేటు 1917 నవంబరు 2 నుంచి 3 సెంట్లు, 1919 జూలై 1 నుంచి మళ్లీ 2 సెంట్లు. యుద్ధం ముగిశాక 1919 ఏప్రిల్ 3న, లొంగిపోయిన నాలుగు జర్మన్ సబ్‌మెరైన్లను వెంటబెట్టుకుని ఇంగ్లండ్‌లోని హార్విచ్ నుంచి బయల్దేరి, అదే నెల చివర న్యూయార్క్ చేరింది. ఏప్రిల్ నెల కవరు దొరికితే అది అట్లాంటిక్ మధ్యలో ముద్ర పడినది కావచ్చు. తేదీని ప్రయాణంతో పోల్చి చూడాల్సిందే.

1920లను గబగబా దాటేద్దాం. తల్లి ఓడ పని, విన్యాసాలు, మామూలు రేవులు. మనకు ముఖ్యమైనది 1930ల చివరి భాగం. అప్పుడు ఈ ఓడ పసిఫిక్ దీవుల సర్వే పనిలోకి వచ్చింది. 1939 చివర ఫీనిక్స్ దీవుల్లో కొలతలు తీసింది. గార్డ్‌నర్ దీవి కూడా అందులో ఉంది. ఇప్పుడు నికుమరోరో అంటున్న దీవి అదే. పసిఫిక్‌లో కనబడకుండా పోయిన అమెరికా విమాన చోదకురాలు అమీలియా ఇయర్‌హార్ట్ విమానం గురించి వెతికేవాళ్లు ఈ ఓడ సర్వే పత్రాలను ఇప్పటికీ తిరగేస్తూ ఉంటారు.

సర్వే ఎలా జరుగుతుందో కొంచెం తెలిస్తే కవర్లలో తేదీలు ఎందుకు పొంతన కుదరవో అర్థమవుతుంది. మొదట ఒక బృందం తీరానికి వెళ్లి గుర్తు స్తంభాలు, చెక్క గోపురాలు నిలబెడుతుంది. వాటి మధ్య దూరాలు, కోణాలు కట్టి త్రికోణాల వల అల్లుతుంది. ఒక చోట కర్రబద్ద పాతి పోటు పాట్లు గంట గంటకూ రాసుకుంటుంది. మోటారు పడవలు సమాంతర గీతలుగా నడుస్తూ లోతు కొలుస్తాయి. పడవలో ఇద్దరు సెక్స్‌టెంట్లు అనే కోణాలు కొలిచే పరికరాలు పట్టుకుని ఒకే క్షణంలో మూడు గుర్తుల మధ్య రెండు అడ్డకోణాలు చదువుతారు. మూడు చేతులున్న స్టేషన్ పాయింటర్ అనే పరికరంతో ఆ కోణాలను పటం మీద పెడితే పడవ స్థానం వస్తుంది. ఎకో సౌండర్ ధ్వనిని కిందికి పంపి, తిరిగి వచ్చే సమయాన్ని బట్టి లోతు చెబుతుంది. అమెరికా యంత్రాలు సెకనుకు 800 ఫాదమ్‌ల వేగానికి, అంటే సుమారు 1463 మీటర్లకు సరిచేసి ఉండేవి. ఉష్ణమండలపు వెచ్చని నీటిలో ధ్వని వేగం 1540 మీటర్ల దాకా పోతుంది. అప్పుడు నిజంగా 20 మీటర్ల లోతుంటే యంత్రం 19 అని చూపిస్తుంది. ఆ తేడా సవరించాలి, ఆపైన పోటు ఎత్తు తీసివేయాలి.

పగడపు దిబ్బలతో ఇంకో ప్రమాదం ఉంది. అవి గుంజల్లా నిటారుగా లేస్తాయి. రెండు కొలత గీతల మధ్య ఒక గుంజ దాక్కుంటే ఏ గీతకూ చిక్కదు. అందుకని రెండు పడవల మధ్య తీగ కట్టి, బరువులతో, తేలే బుడగలతో దాన్ని అనుకున్న లోతులో నిలిపి, ఆ నీళ్లన్నీ దువ్వినట్టు లాక్కుంటూ పోతారు. తీగ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ గుంజ ఉన్నట్టు.

ఇదంతా చేసేటప్పుడు తీరపు బృందాలు రోజుల తరబడి గుడారాల్లో ఉంటాయి. అక్కడ రాసిన ఉత్తరం పడవ వచ్చినప్పుడు ఓడకు చేరుతుంది. అప్పుడు గుమాస్తా ముద్ర వేస్తాడు. ఓడ రేవుకు వెళ్లినప్పుడో, ఇంకో ఓడ ఎదురైనప్పుడో సంచీ దిగుతుంది. అంచేత లోపలి ఉత్తరం తేదీకి, ముద్ర తేదీకి వారం తేడా ఉన్నా కంగారు పడక్కర్లేదు. ముద్ర తేదీ అంటే కవరు గుమాస్తా బల్ల మీదికి వచ్చిన రోజు. ఓడ దిగిన రోజు అది కాదు. దీనికి తోడు ఓడ అంతర్జాతీయ దినరేఖకు ఇటూ అటూ పని చేస్తే ఒక రోజు పోతుంది లేదా రెండుసార్లు వస్తుంది. ఓడ దినచర్య రాసే లాగ్ పుస్తకంతో కవరు ఒక్కరోజు తేడా చూపిస్తే ముందు దినరేఖను గుర్తు చేసుకోండి.

1940 ఆగస్టు 23న ఓడకు సమ్నర్ అని పేరు మార్చారు. పటాలు గీసే ఓడకు స్థానరేఖ కనిపెట్టినవాడి పేరు పెట్టడం ఎంతో సముచితం. తపాలా సేకర్తకు ఈ తేదీ ఒక సరిహద్దు. దానికి అటు పక్క బుష్నెల్, ఇటు పక్క సమ్నర్. పేరు మారిన కొన్ని వారాల కవర్లలో మూల చిరునామాలో, అంటే కవరు ఎడమ మూలన రాసే పంపినవాడి చిరునామాలో, పాత పేరు, ముద్రలో కొత్త పేరు ఉండొచ్చు. నావికుడి దగ్గర పాత కవర్లు మిగిలి ఉంటే వాడేస్తాడు కదా. 1943 డిసెంబరు 1న ఓడ సంఖ్య కూడా ఏజీ-32 నుంచి ఏజీఎస్-5 అయింది. సంఖ్య ముద్రలో ఉండదు కానీ అధికారిక కవర్ల మూలలో కనబడుతుంది.

1941 డిసెంబరు 7న సమ్నర్ పెర్ల్ హార్బర్‌లోనే, సబ్‌మెరైన్ బేస్ దగ్గర ఉంది. ఆ రోజుతో తపాలా ముద్రల ప్రపంచమే మారిపోయింది. ఓడల పేర్లు శత్రువుకు తెలియకూడదని ముద్రల్లోంచి తీసేశారు. వలయంలో ఉత్త యు.ఎస్. నేవీ మిగిలింది. అడ్డగీతల సందులు ఖాళీ. ముద్ర చెప్పే సమాచారం ఒక్క తేదీకి కుదించుకుపోయింది.

ఇక్కడే చాలామంది చేతులెత్తేస్తారు. ఎత్తేయనక్కర్లేదు. ఓడ పేరును ముద్రలోంచి తీసేశారు గానీ కవరు మూలలో రాసుకోనిచ్చారు. పంపినవాడి పేరు, హోదా, యు.ఎస్.ఎస్. సమ్నర్, కేరాఫ్ ఫ్లీట్ పోస్టాఫీసు, శాన్ ఫ్రాన్సిస్కో. పసిఫిక్‌లో ఎక్కడున్నా చిరునామా శాన్ ఫ్రాన్సిస్కోయే. అందువల్ల ఓడ పేరు మూల చిరునామాలో, తేదీ ముద్రలో, చోటు సేవా చరిత్రలో. మూడూ మూడు దిక్కుల నుంచి రావాలి. ఎవరైనా అందం కోసం కవరు ఎడమ మూల కత్తిరించి ఉంటే ఆ కవరుకు ఇక గుర్తింపు లేదు. దయచేసి కవర్ల నుంచి స్టాంపులు కత్తిరించకండి, మూలలు అసలే కత్తిరించకండి.

ఉత్తరం నడిచే దారి చూడండి. నావికుడు కవరు అంటించకుండా పెట్టెలో వేస్తాడు. ఓడలోని అధికారి ఒకరు చదువుతారు. దీవి పేరు, పక్కన ఉన్న ఓడల పేర్లు, వెళ్లబోయే దారి ఉంటే బ్లేడుతో కోసేస్తారు. అంటించి, సెన్సార్ ముద్ర వేసి, అందులో తన పొడి అక్షరాలు పెడతారు. తరవాతే గుమాస్తా చేతికి వస్తుంది. ఆ పొడి అక్షరాలు ఓడను గుర్తించడానికి ఇంకో ఆధారం. ఓడ అధికారుల జాబితాతో పోల్చితే ఎవరో తేలుతుంది. పంపిన నావికుడి పేరుకు అమెరికా జాతీయ అభిలేఖాగారంలో ఉన్న మస్టర్ రోల్స్ చూడాలి. ఏ ఓడలో ఎవరెవరు ఉన్నారో క్రమం తప్పకుండా పంపిన పట్టికలవి. ఓడ ఏ రోజు ఎక్కడుందో తెలియాలంటే డెక్ లాగ్, యుద్ధ దినచర్య పత్రాలు. అవీ అక్కడివే. నౌకాదళం ప్రచురించిన నౌకల నిఘంటువులో ఓడ చరిత్ర సంగ్రహంగా ఉంటుంది. దానితో మొదలుపెట్టండి, దానితోనే ఆగిపోకండి. అందులో నెలలుంటాయి. మనకు రోజులు కావాలి.

రేట్లు కూడా నిఘా పెట్టాల్సినవే. 1942 ఏప్రిల్ 1 నుంచి సైనికుల మామూలు ఉత్తరాలు ఉచితం. స్టాంపు చోట చేత్తో ఫ్రీ అని రాస్తారు. అంతకు ముందు తేదీతో ఆ కాలపు ఫ్రీ కవరు కనబడితే అనుమానించండి. విమానంలో పోవాలంటే ఉచితం వర్తించదు, అర ఔన్సుకు 6 సెంట్ల రాయితీ రేటు. 1944 మార్చి 26న పౌరులకు విమాన రేటు 8 సెంట్లు అయినా సైనికులకు 6 సెంట్లే ఉంది. వి-మెయిల్ 1942 జూన్ 15న మొదలైంది. ఉత్తరాన్ని ఫిల్ము మీద చిన్నగా తీసి, అవతల అచ్చు తీసి ఇస్తారు. అసలు కాగితం పోదు కాబట్టి ఓడ తపాలా ముద్ర అందులో ఆశించకండి. పైన రాసిన చిరునామాలో ఓడ పేరు చదువుకోవడమే.

యుద్ధకాలపు రిజిస్టర్డ్ కవరు దొరికితే అదృష్టమే. రిజిస్టర్డ్ ఉత్తరం చేయి మారిన ప్రతి ఆఫీసులో వెనక్కి తిప్పి ముద్ర వేయాలి. ముందు ఓడ తేదీ, వెనక శాన్ ఫ్రాన్సిస్కో తేదీ, ఆపైన గమ్యస్థానపు తేదీ. ఒకే కవరు మీద మూడు గీతలు దొరికినట్టు. ఓడ తేదీకి, శాన్ ఫ్రాన్సిస్కో తేదీకి మధ్య ఎన్ని రోజులు పట్టిందో చూస్తే ఓడ ఎంత మారుమూల ఉందో ఊహకు వస్తుంది. రుసుము 1944 మార్చి 26 దాకా కనీసం 15 సెంట్లు, తరవాత 20.

యుద్ధంలో సమ్నర్ చేసిన పనుల్లో పెద్దది ఉలిథి. కరోలిన్ దీవుల్లో పెద్ద పగడపు వలయం అది. 1944 సెప్టెంబరు 23న అమెరికా సైన్యం 81వ డివిజన్‌కు చెందిన రెజిమెంటు ఎదురులేకుండా దిగింది. సమ్నర్ ఆ లోపలి సరస్సును కొలిచి, 700 ఓడలు పట్టే చోటని తేల్చింది. పెర్ల్ హార్బర్‌లో కూడా అంత జాగా లేదు. ఆ తరవాత నెలల్లో పసిఫిక్‌లోని పెద్ద నౌకా సమూహాలు అక్కడ లంగరు వేసి, అక్కడి నుంచే బయల్దేరాయి. పడవల్లో కూర్చుని కోణాలు చదివిన మనుషుల పని మీద అన్ని వందల ఓడలు ఆధారపడ్డాయి. ఆ రోజుల సమ్నర్ కవరు మీద ఏముంటుంది? యు.ఎస్. నేవీ, ఒక తేదీ, ఫ్రీ అనే మాట, సెన్సార్ ముద్ర. ఉలిథి పేరు ఎక్కడా ఉండదు. పక్కనే సేవా చరిత్ర తెరిచి పెడితేనే ఆ ఖాళీలో ఉలిథి కనబడుతుంది.

యాంకీ అనే తెరచాప ఓడలో ప్రపంచాన్ని చుట్టివచ్చిన ఇర్వింగ్ జాన్సన్ యుద్ధకాలంలో ఈ ఓడలోనే పనిచేశారు. పసిఫిక్ దీవులను తెరచాపలతో తిరిగి తెలుసుకున్న మనిషి అనుభవం సర్వే ఓడకు ఎంత ఉపయోగమో వేరే చెప్పక్కర్లేదు.

1945లో ఈ ఓడ జపాన్ దీవి ఇవో జిమా దగ్గర ఉంది. మార్చి 8న ఒక గుండు తగిలింది, అదృష్టవశాత్తూ పేలలేదు. ఇవో జిమా పేరుతో అమ్మకానికి వచ్చే కవర్ల విషయంలో జాగ్రత్త. ఆ దీవి మీద సైనికులు జెండా ఎత్తుతున్న బొమ్మ ఉన్న ఆకుపచ్చ 3 సెంట్ల స్టాంపు 1945 జూలై 11న విడుదలైంది. దానితో మార్చి నాటి ఇవో జిమా కవరు ఉండటం అసాధ్యం. అలాగే ఊదారంగు 3 సెంట్ల జెఫర్సన్ స్టాంపు 1938 జూన్ 16న వచ్చింది. 1937 ముద్రతో బుష్నెల్ కవరు మీద ఆ స్టాంపు ఉంటే, ముద్రనో స్టాంపునో తరవాత అతికించారన్నమాట. స్టాంపు విడుదల తేదీ, రేటు, ముద్ర ఆకారం, ఓడ ఉన్న చోటు, ఈ నాలుగింట్లో ఒక్కటి పొసగకపోయినా డబ్బు పెట్టకండి.

1945 సెప్టెంబరులో సెన్సార్ ఎత్తేశారు. పేర్లు మళ్లీ ముద్రల్లోకి వచ్చాయి. 1946లో సమ్నర్ మార్షల్ దీవుల్లోని బికినీకి వెళ్లి, అణు పరీక్షల కోసం పగడపు దిబ్బను పేల్చి సరస్సులోకి దారులు తెరిచే పనిలో పాల్గొంది. ఆ దీవి మనుషులు 167 మందిని మార్చి 7న రోంగెరిక్ దీవికి తరలించారు. పటం గీసే ఓడ చేసిన పనుల్లో ఇది మనసును కలిచివేసేది. వలయం లోపలికి దారి తెరిచింది, కానీ అక్కడి వాళ్లు మళ్లీ వచ్చి నిలదొక్కుకోలేకపోయారు. బికినీ పరీక్షలు జూలై 1న, 25న జరిగాయి. పరీక్ష బొమ్మ అచ్చువేసిన కవర్లు చాలా వచ్చాయి. బొమ్మ ఉంది కదా అని ఓడ ఆ రోజు అక్కడే ఉందని రాయకండి. లాగ్ చూశాకే రాయండి.

విశాఖ మిత్రులు కొందరు ఉన్నారు కాబట్టి ఒక మాట. మన సంధాయక్ సర్వే ఓడ 1981 ఫిబ్రవరి 26 నుంచి 2021 జూన్ 4 దాకా సేవచేసి విశాఖపట్నంలోనే విశ్రమించింది. 200కు పైగా సర్వేలు చేసింది. అదే పేరున్న కొత్త ఓడను 2024 ఫిబ్రవరి 3న విశాఖలోనే నౌకాదళంలోకి తీసుకున్నారు. మన దగ్గర రోజువారీ ఉత్తరం మీద ఓడ పేరున్న ముద్ర ఉండదు, ఫ్లీట్ మెయిల్ ఆఫీసు ద్వారా నడుస్తుంది. కాబట్టి మన సర్వే ఓడల కవర్లను చదవడానికి అమెరికా యుద్ధకాలపు పద్ధతే సరిపోతుంది. ఓడ పేరు మూల చిరునామాలో వెతకాలి, చోటు సేవా చరిత్రలో వెతకాలి. మీ ఇంట్లో నౌకాదళంలో చేసినవాళ్ల ఉత్తరాలు ఉంటే కవర్లతో సహా దాచండి. ఉత్తరం దాచి కవరు పారేస్తే తేదీ పోయినట్టే.

చివరిగా పేర్ల తికమక. ఇక్కడ తప్పులు చాలా జరుగుతాయి. 1921 నుంచి 1930 దాకా సమ్నర్ పేరుతోనే ఒక డిస్ట్రాయర్ (వేగంగా నడిచే చిన్న యుద్ధనౌక) ఉండేది. మెరైన్ కెప్టెన్ అలెన్ సమ్నర్ పేరు దానికి పెట్టారు. 1920ల సమ్నర్ ముద్రలన్నీ దానివే. పాత బుష్నెల్ పేరు మారాక, 1943 ఏప్రిల్ 10న బుష్నెల్ అనే కొత్త తల్లి ఓడ వచ్చింది. 1943 తరవాతి బుష్నెల్ కవర్లు దానివి, మన ఓడవి కావు. ఇక 1944 జనవరిలో అలెన్ ఎం. సమ్నర్ అనే డిస్ట్రాయర్ చేరింది. మన సర్వే ఓడను 1946 సెప్టెంబరు 13న నార్ఫోక్‌లో సేవ నుంచి తప్పించారు. ఆ తేదీ తరవాత సమ్నర్ ముద్ర కనబడితే, ముందు వలయం పైభాగాన్ని భూతద్దంతో చూడండి. అలెన్ ఎం. అనే అక్షరాలు స్టాంపు రంగులో కలిసిపోయి ఉండొచ్చు, లేదా ఇంకు అందక మాయమై ఉండొచ్చు.